జలాశయాలలో వేసవి చేపల వేట: నీటిమట్టాన్ని గమనిస్తేనే మత్స్యసంపదకు మనుగడ

ప్రత్యేక వ్యాసం

ఏటా వేసవిలో శ్రీశైలం జలాశయం నీటిమట్టం తగ్గుముఖం పట్టగానే నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరాలయ శిఖరం నీటిలో నుండి క్రమంగా బయటపడుతుంది. వర్షాకాలంలో కృష్ణకు వరద రాగానే ఆ ఆలయం తిరిగి జలాధివాసం చేస్తుంది. భక్తులకు అది దర్శనానికి అనువైన సమయం. జలాశయంపై ఆధారపడి జీవించే మత్స్యకారులకు మాత్రం అది వేటకు ముఖ్యమైన సమయం. విశాలంగా పరచుకున్న నీరు పాత ఏటి పాయలోకి, లోతైన మడుగులలోకి కుదించుకుపోయే కొద్దీ చేప కూడా దానితోపాటే అక్కడికి చేరుతుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు సముద్రంలో యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. సరిగా అదే రోజులలో జలాశయాలు, చెరువులలో వేట ముమ్మరంగా సాగుతుంది. సముద్రపు చేప రాక తగ్గి, మంచినీటి చేపకు గిరాకీ పెరుగుతుంది. జూన్ మొదటి పక్షంలో వచ్చే మృగశిర కార్తె నాడు చేప తినే ఆచారం తెలంగాణ ప్రాంతంలో బలంగా ఉన్నందున ఆ ఒక్కరోజు గిరాకీ ఎన్నో రెట్లు ఉంటుంది. అనగా జలాశయంలో నీరు అతి తక్కువగా ఉండే రోజు, చేపకు అతి ఎక్కువ గిరాకీ ఉండే రోజు, తల్లి చేపలు గుడ్లతో నిండి ఉండే రోజు దాదాపు ఒకే సమయంలో వస్తున్నవి. వేసవి వేటకు సంబంధించిన మేలు, కీడు రెండింటికీ మూలం ఇక్కడే ఉన్నది.

నీటిమట్టం ఎందుకు మారుతుంది?

సహజమైన సరస్సులో నీటిమట్టం వాన, ఎండలను అనుసరించి మెల్లగా మారుతుంది. జలాశయంలో అట్లు కాదు. సాగునీటి విడుదల, తాగునీటి అవసరాలు, జలవిద్యుదుత్పత్తి, ఎగువ ప్రాజెక్టుల నుండి వచ్చే ప్రవాహం, ఆవిరి నష్టం అన్నీ కలిసి మట్టాన్ని నిర్ణయిస్తాయి. ఇవి వేర్వేరు శాఖల పరిధిలోని అంశాలు. చేప అవసరం వీటిలో సాధారణంగా లెక్కకు రాదు.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఈ మట్టం వద్ద నిల్వ, పూడిక సర్వేల అనంతరం సవరించిన లెక్కల ప్రకారం 215.81 టి.ఎం.సి.లు. మట్టం 854 అడుగులకు తగ్గినపుడు సుమారు 90 టి.ఎం.సి.లు, 834 అడుగులకు తగ్గినపుడు సుమారు 54 టి.ఎం.సి.లు మాత్రమే మిగులుతాయి. అనగా 51 అడుగుల తగ్గుదలతో నాలుగింట మూడు వంతుల నీరు తరలిపోతున్నది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ 312 టి.ఎం.సి.లు. సాగు కాలువలకు నీరిచ్చే కనీస మట్టమైన 510 అడుగుల వద్ద సుమారు 132 టి.ఎం.సి.లు ఉంటాయి. వర్షాభావ సంవత్సరాలలో మట్టం అంతకన్నా దిగువకు కూడా పోతుంది. దీనికి భిన్నంగా 2009 అక్టోబరు వరదలో శ్రీశైలం జలాశయం పూర్తి మట్టాన్ని మించి 896 అడుగులు దాటింది.

ఋతువును బట్టి వచ్చే ఈ హెచ్చుతగ్గులకు తోడు రోజువారీ హెచ్చుతగ్గులు కూడా ఉన్నవి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలోను, నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోను దిగువ నీటిని తిరిగి ఎగువకు ఎత్తిపోసే సదుపాయం గల యూనిట్లు ఉన్నవి. విద్యుత్ గిరాకీని బట్టి ఇవి పనిచేసినపుడు ఆనకట్టకు దిగువన నీటిమట్టం గంటల వ్యవధిలోనే మారుతుంది. సాయంత్రం వల కట్టిన చోట తెల్లవారేసరికి నీరు తగ్గి ఉండవచ్చు, లేదా ప్రవాహం పెరిగి వల కొట్టుకుపోవచ్చు.

నీరు తగ్గినపుడు చేప ఎక్కడికి పోతుంది?

చేప కదలికను మూడు అంశాలు నిర్ణయిస్తాయి. అవి ఉష్ణోగ్రత, నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఆహారం. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువును ఇముడ్చుకొనే శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 35 డిగ్రీల వద్ద అది సుమారు 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. మరోవంక, వేడి పెరిగిన కొద్దీ చేప శరీరానికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. లభ్యత తగ్గి, అవసరం పెరిగే ఈ స్థితియే వేసవిలో చేపకు మొదటి కష్టం. బొచ్చె, శీలావతి వంటి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే అనుకూలం. 3 మిల్లీగ్రాములకు దిగజారితే అవి మేత మాని నీరసిస్తాయి.

లోతైన జలాశయంలో ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన నిలుస్తుంది. చల్లని నీరు బరువుగా అడుగున ఉండిపోతుంది. గాలి వీచినంత మేర పై నీరు కలుస్తుందేగాని అడుగు వరకు కలియదు. అడుగున కుళ్ళే ఆకు, అలము అక్కడి ప్రాణవాయువును హరిస్తాయి. అందువలన వేసవి మధ్యాహ్నం పైన వేడి, అట్టడుగున ప్రాణవాయువు కొరత ఉండగా, నడిమి పొర మాత్రమే చేపకు నివాసయోగ్యంగా మిగులుతుంది. ‘ఎంత లోతైతే అంత చేప’ అనే అభిప్రాయం ఈ కారణంగా అన్ని వేళలా నిజం కాదు. గాలులు బలంగా వీచే విశాల జలాశయాలలో ఈ పొరలు తరచుగా చెదిరిపోతుంటాయి గనుక ఏ జలాశయానికి ఆ జలాశయాన్ని, ఏ వారానికి ఆ వారాన్ని గమనించవలసి ఉంటుంది.

తెల్లవారుజామున, సాయంసంధ్యలో పై నీరు చల్లబడినపుడు చేపలు మేతకు ఒడ్డు పక్కకు, పైకి వస్తాయి. ఎండ ముదిరిన కొద్దీ పాత ఏటి పాయ అంచులకు, మునిగిన చెట్ల మొదళ్ళకు, రాతి గట్ల నీడకు, వాగు వచ్చి కలిసే మొగలకు తరలిపోతాయి. కాలువకు నీరు వదిలినపుడు తూము వైపు ఏర్పడే మెల్లని ప్రవాహంలో సన్న చేపలు గుమికూడుతాయి. వాటి వెంట వాలుగ వంటి వేటాడే చేపలు కూడా వస్తాయి. నీరు రోజుకు కొన్ని అంగుళాల చొప్పున నిలకడగా తగ్గుతున్నపుడు చేప కొత్త స్థానాలకు సర్దుకుంటుంది. హఠాత్తుగా తగ్గినపుడు మాత్రం ఒడ్డు విడిచి లోతుకు పోయి కొన్నాళ్ళు అక్కడే ఉండిపోతుంది. ఒడ్డు గుంటలలో చిక్కుకున్న పిల్లలు ఎండి చనిపోతాయి.

ఏ చేపకు ఏ స్వభావం?

బొచ్చె నీటి పై పొరలో తేలాడే సూక్ష్మజీవులను తిని పెరుగుతుంది. శీలావతి నడిమి పొరలోను, ఎర్రమోసు అడుగున కుళ్ళిన పదార్థాన్ని తింటూ మట్టి దగ్గరను సంచరిస్తాయి. ఈ మూడూ కలిసి ఉన్న జలాశయంలో ఒకే లోతున కట్టిన వలలో ఒకే రకం చేప ఎక్కువగా పడటానికి కారణం ఇదే. ఇవి నిలువ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. తొలకరి తరువాత కొత్త నీరు వచ్చినపుడు ఎగువ ప్రవాహానికి ఎదురీది, వరద ముంచెత్తిన పల్లపు భూములలో గుడ్లు వదులుతాయి. గోదావరి వరదకు ఎదురీదే పులసను ఎరిగిన తెలుగువారికి ఈ స్వభావాన్ని వివరించనక్కరలేదు.

బంగారుతీగ నిలువ నీటిలోనే గుడ్లు పెట్టగలదు. దాని గుడ్లు గడ్డికి, నాచుకు అంటుకొని ఉంటాయి. చలికాలపు చివర, వేసవి ఆరంభంలో అవి ఒడ్డు పక్క గడ్డిలో ఉన్నపుడు మట్టం వేగంగా తగ్గితే గుడ్లన్నీ గాలికి ఎండిపోతాయి. తిలాపియా ఇందుకు భిన్నం. ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెట్టినా, తల్లి చేప వాటిని నోటిలోకి తీసుకొని పొదుగుతుంది. నీరు తగ్గితే గుడ్లతో సహా లోతుకు జరిగిపోగలదు. మట్టం తరచుగా మారే జలాశయాలలో తిలాపియా పెరిగిపోయి, తక్కిన రకాలు వెనుకబడటానికి గల కారణాలలో ఇది ఒకటి.

కొరమీను, మార్పు, ఇంగిలికం గాలిని నేరుగా పీల్చుకోగల చేపలు. నీటిలో ప్రాణవాయువు లోపించినా ఇవి పైకి వచ్చి గాలి తీసుకొని బ్రతుకుతాయి. చెరువు అడుగంటినా తేమ ఉన్న బురదలో కొంతకాలం నిలదొక్కుకుంటాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమీను ఒడ్డు పక్క తుంగలో, నాచులో గూడు కట్టి, పిల్లలు గుంపుగా తిరిగే దశలో వాటికి కాపలా కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై కదులుతూ కనిపించిన చోట కాపలా చేపను పట్టినట్లయితే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

వేటకు అనువైన వేళలు, సాధనాలు

వేసవిలో నిలువు వలలను సాయంత్రం కట్టి, తెల్లవారకముందే తీయడం ఉత్తమ పద్ధతి. ఎండ ఎక్కే వరకు వల నీటిలో ఉంచితే చిక్కి చనిపోయిన చేప గంటలలోనే మెత్తబడి ధర కోల్పోతుంది. వల కట్టే ముందు గట్టు పక్క ఒక కర్ర పాతి నీటి గుర్తు పెట్టి, మరునాడు ఎన్ని అంగుళాలు తగ్గినదీ చూసుకొనే మత్స్యకారుడు రెండు మూడు రోజులలోనే వలను ఎంత జరపాలో అంచనా వేయగలడు. నీటిపారుదల శాఖ ప్రధాన జలాశయాల మట్టాలను ప్రతిరోజూ నమోదు చేస్తున్నది. ఆ వివరాలు మత్స్యకార సహకార సంఘం నోటీసు బోర్డు వరకు చేరిన పక్షంలో వేటకు, భద్రతకు రెండింటికీ ఉపకరిస్తాయి.

విసురు వల లోతు తక్కువ గల ఒడ్డు పక్కన, ఉదయ సాయంకాలాలలో ఫలిస్తుంది. గాలాల తాడు రాతి నేలలు, మునిగిన చెట్లు ఉండి వల చిరిగిపోయే చోట్ల వాలుగ, జెల్ల, కొరమీనుకు తగినది. పుట్టి, తెప్పలపై వెళ్ళే మత్స్యకారులు ఏటి పాయ అంచుల వెంట, లోతు ఒక్కసారిగా పెరిగే గట్టు వాలు వద్ద వల కట్టడం పరిపాటి. వల కన్ను పెద్దదైతే చిన్న చేప తప్పించుకొని పెరిగే అవకాశం కలుగుతుంది. కన్ను చిన్నదైతే నేటి బరువు కొంచెం పెరిగినా రేపటి చేప మిగలదు.

ఇక్కడ అలివి వలల సమస్యను ప్రత్యేకంగా ప్రస్తావించవలసి ఉన్నది. సన్నని కన్నులతో, చాలా పొడవుగా ఉండే ఈ వలను నీటిలో చుట్టుగా వేసి ఒడ్డుకు లాగుతారు. నీరు నిండుగా ఉన్నపుడు లోతు, రాళ్ళు, చెట్లు దీనికి అడ్డుపడతాయి. వేసవిలో నీరు తగ్గి చదును మేటలు బయటపడిన తరువాతనే ఇది యథేచ్ఛగా సాగుతుంది. అపుడు చేపలన్నీ ఒకచోటనే ఉంటాయి గనుక వేలెడంత పిల్లలతో సహా సర్వం ఒడ్డుకు వస్తుంది. కూలీలను పెట్టి అలివి లాగించే వ్యాపారికి ఆ పిల్లలు ఎండబెట్టి అమ్ముకొనే సరకు. లైసెన్సు తీసుకొని ఒకటి రెండు వలలతో జీవించే స్థానిక మత్స్యకారునికి అవి మరుసటి ఏటి జీవనాధారం. కృష్ణా జలాశయాలలో నిషేధిత అలివి వలలపై స్థానిక మత్స్యకారులు పలుమార్లు ఆందోళన వ్యక్తం చేసియున్నారు. మందుగుండు పేల్చి, విషపదార్థాలు కలిపి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం.

రాబడి పెరిగితే సంపద పెరిగినట్లేనా?

వేసవి నెలలలో రేవుకు వచ్చే చేప బరువు పెరగడం చూసి జలాశయంలో మత్స్యసంపద వృద్ధి చెందినదని భావించడం పొరపాటు. నీరు నాలుగో వంతుకు తగ్గి, చేపల సంఖ్య మారకపోతే, అదే పరిమాణం నీటిలో చేపలు నాలుగు రెట్లు దట్టంగా ఉంటాయి. అంతే శ్రమకు వల నిండుతుంది. పెరిగినది చేప కాదు, చేప దొరికే అవకాశం. ఈ భేదాన్ని గుర్తించకుండా ఏప్రిల్, మే నెలల రాబడిని మాత్రమే చూసి నివేదికలు రూపొందించినట్లయితే, తరువాత రెండేళ్ళకు వల ఎందుకు ఖాళీగా వస్తున్నదో అర్థం కాదు.

ఒక లెక్క చూడవచ్చును. బొచ్చె, శీలావతి వంటి చేపలు రెండేళ్ళ వయస్సులో పునరుత్పత్తికి సిద్ధమవుతాయి. తల్లి చేప తన శరీర బరువులో ప్రతి కిలోకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. అయిదు కిలోల తల్లి చేపను మే నెలాఖరున పట్టినట్లయితే మార్కెట్‌లో అయిదు కిలోల ధర వస్తుంది. అదే చేప మరొక రెండు నెలలు మిగిలినట్లయితే లక్షలాది గుడ్లు వదులుతుంది. వాటిలో అత్యధిక భాగం నశించినా మిగిలినవి జలాశయానికి ఖర్చు లేని చేపపిల్లలే అవుతాయి. ఈ ఉద్దేశంతోనే ప్రధాన జలాశయాలలో సాధారణంగా జూలై, ఆగస్టు మాసాలలో వేటను నిలిపివేయడం ఆనవాయితీగా వస్తున్నది. కాని నిషేధం మొదలయ్యే నాటికే పాత మడుగులలోని తల్లి చేపలన్నీ పట్టుబడి ఉంటే ఆ నిషేధం కాపాడేది ఖాళీ నీటినే.

కావున వేసవిలో జలాశయం మొత్తం మీద వేట ఆపనక్కరలేదు. మట్టం బాగా తగ్గిన రోజులలో కొన్ని లోతైన మడుగులను, వాగుల మొగలను గుర్తించి, అక్కడ మాత్రం వల వేయకుండా విడిచిపెట్టడం ఆచరణసాధ్యమైన మార్గం. ఏ మడుగులో తల్లి చేప నిలుస్తుందో తరతరాలుగా ఎరిగినవారు మత్స్యకారులే. అందుచేత ఆ ఎంపిక సహకార సంఘాల సమావేశంలోనే జరగవలసి ఉన్నది. రాష్ట్ర విభజన అనంతరం శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల ఎడమ ఒడ్డు తెలంగాణలోను, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నవి. నీటి పంపకానికి సరిహద్దులు ఉన్నా చేపకు అవి వర్తించవు. ఒక ఒడ్డున విడిచిన మడుగును మరొక ఒడ్డు వారు కూడా విడిచినపుడే ప్రయోజనం సిద్ధిస్తుంది.

మరొక అంశాన్ని కూడా విస్మరించరాదు. వేట నిలిచిన రెండు నెలలు మత్స్యకార కుటుంబానికి రాబడి ఉండదు. పిల్లల బడి ఖర్చులు, వల, పుట్టి మరమ్మతులు కూడా ఆ రోజులలోనే వస్తాయి. వ్యాపారి వద్ద తీసుకున్న బయానా తీర్చవలసిన మత్స్యకారుడు మే నెలలో దొరికిన ప్రతి చేపను పట్టక తప్పని స్థితిలో ఉంటాడు. సంఘం ద్వారా పొదుపు, సకాలంలో రుణం, సమష్టి అమ్మకం ఉన్న చోట తల్లి చేపను విడిచిపెట్టమని చెప్పే మాటకు విలువ ఉంటుంది. అవి లేని చోట ఆ మాట కాగితానికే పరిమితమవుతుంది.

చేపపిల్లల విడుదలలో మట్టం పాత్ర

దేశంలోని జలాశయాలను 5,000 హెక్టార్లకు మించినవి పెద్దవి, 1,000 నుండి 5,000 హెక్టార్ల వరకు మధ్యతరహా, అంతకు లోపువి చిన్నవి అని వర్గీకరించడమైనది. 1995లో వెలువడిన ఒక సమగ్ర అధ్యయనం ప్రకారం భారతీయ జలాశయాల సగటు దిగుబడి ఏడాదికి హెక్టారుకు సుమారు 20 కిలోలు. చిన్న జలాశయాలలో ఇది ఎక్కువగాను, పెద్దవాటిలో తక్కువగాను ఉన్నది. పెంపకపు చెరువులతో పోల్చితే ఇది చాలా స్వల్పం. అందువలననే చేపపిల్లల విడుదలకు ప్రాధాన్యం ఏర్పడినది. 2006లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పాటైన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు జలాశయాలలో పిల్లల విడుదలను ప్రోత్సహించింది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన ఉచిత చేపపిల్లల పంపిణీలో ఎండిపోయే చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే చెరువులకు, జలాశయాలకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించారు.

పిల్ల పరిమాణంతో సమానంగా విడుదల సమయం కూడా ముఖ్యం. గేట్లు ఎత్తి వరద దిగువకు పోతున్నపుడు వదిలిన పిల్లలు నీటితోపాటే తరలిపోతాయి. మరీ ఆలస్యమైతే వేసవిలో నీరు తగ్గేలోపు ఎదగడానికి వ్యవధి చాలదు. వరద తగ్గి మట్టం నిలకడగా ఉన్న రోజులలో, ఉదయం చల్లని వేళ, వాలుగ వంటి వేటాడే చేపలు తక్కువగా ఉండే చోట్ల విడుదల చేయడం శ్రేయస్కరం. వేసవిలో బయటపడిన మేటలపై మొలిచిన గడ్డి, పైరు మొదళ్ళు కొత్త నీటిలో మునిగి కుళ్ళినపుడు నీటికి సారం చేకూరి సూక్ష్మజీవులు విస్తారంగా పెరుగుతాయి. పిల్ల చేపకు అదే మొదటి మేత. ఈ దృష్టితో చూస్తే నీరు తగ్గి పెరగడం చేపకు కేవలం ఆపద కాదు. తగ్గుదల నిదానంగా ఉండి, తల్లి చేప మిగిలినపుడు అది జలాశయానికి ఏటా లభించే ఎరువు వంటిది.

గ్రామ చెరువులు, కొల్లేరు

గ్రామ చెరువుల తీరు వేరు. వాటిలో నీరు ఆరు నుండి ఎనిమిది నెలలు మాత్రమే ఉంటుంది గనుక ఎండేలోపు పట్టుబడి పూర్తి చేయడమే లాభదాయకం. అన్నింటినీ ఒకేసారి పట్టి ధర పడగొట్టుకొనే కన్నా, ఫిబ్రవరి నుండి విడతలుగా పెద్ద చేపను తీస్తూ రావడం వలన మిగిలినవాటికి చోటు, ప్రాణవాయువు దొరుకుతాయి. 2015లో తెలంగాణలో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పూడికతీత కార్యక్రమాలలో చెరువు మధ్య లోతైన గుంటను మిగిల్చిన చోట వేసవిలో కొన్ని చేపలను కాపాడుకొనే వీలు కలుగుతుంది. తొలి వానలకు చెరువు మత్తడి దూకినపుడు ఎదురెక్కే చేపను అలుగు వద్ద మూకుమ్మడిగా పట్టడం అనేక గ్రామాలలో వేడుకగా సాగుతున్నది. ఆ చేప గుడ్లు పెట్టడానికి పోతున్న చేప అనే అవగాహన కల్పించవలసి ఉన్నది.

ఏలూరు జిల్లాలోని కొల్లేరు సహజమైన మంచినీటి సరస్సు. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రాంసర్ చిత్తడినేలగా గుర్తింపు పొందినది. బుడమేరు, తమ్మిలేరుల నుండి నీరు వచ్చి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినపుడు ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. అక్కడ మట్టం తగ్గుదల చేప నివాసాన్ని కుదించడమే గాక నీటి స్వభావాన్నే మార్చివేస్తున్నది.

చేపలు చనిపోయి తేలినపుడు

వేసవిలో చెరువులలో చేపలు గుట్టలుగా చనిపోయి తేలినట్లు వార్తలు వస్తుంటాయి. విషప్రయోగం, పరిశ్రమల వ్యర్థాలు కారణమయ్యే సందర్భాలు ఉన్నమాట వాస్తవమే. అయితే ప్రాణవాయువు కొరత కూడా అంతే సాధారణమైన కారణం. పగలు నాచు విడుదల చేసే ప్రాణవాయువును రాత్రివేళ చేపలు, నాచు, అడుగు మట్టి అన్నీ కలిసి వినియోగిస్తాయి. అందువలన తెల్లవారుజామున అది కనిష్ఠ స్థాయికి చేరుతుంది. మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజున, లేదా ఎండల మధ్య పెద్ద వాన పడి అడుగు బురద కలగినపుడు ప్రమాదం అధికం. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుండటం తొలి హెచ్చరిక. ఆ దశలో కొత్త నీరు పెట్టడం, నీటిని చిలకరించడం, కొంత చేపను వెంటనే తీసివేయడం ద్వారా నష్టాన్ని తగ్గించవచ్చును. మధ్యాహ్నం తీసిన నమూనాలో ప్రాణవాయువు సరిపడా కనిపించినంత మాత్రాన రాత్రి కొరత లేదని నిర్ధారించరాదు. సూర్యోదయానికి ముందు తీసిన నమూనాయే ప్రామాణికం.

మత్స్యకారుల భద్రత

నీరు తగ్గిన జలాశయం చూపునకు ప్రశాంతంగా ఉన్నా ప్రమాదరహితం కాదు. కొత్తగా బయటపడిన ఒండ్రు మేట పైన ఎండినట్లు కనిపించి అడుగున ఊబిగా ఉంటుంది. మునిగిన చెట్ల మొదళ్ళు నీటి ఉపరితలానికి చేరువై తెప్పలను, పుట్లను దెబ్బతీస్తాయి. రోహిణి కార్తె ఎండల వెంట సాయంత్రం వేళ ఈదురుగాలులు, పిడుగులు వస్తాయి. విశాలమైన నీటిపై పుట్టికి అవి ప్రాణాంతకం. మధ్యాహ్నం నుండి ఉక్కపోత పెరిగి, ఆకాశంలో మబ్బు లేస్తున్నపుడు నడి నీటిలో ఉండరాదు. ఆనకట్టలకు దిగువన మడుగులలో వేటాడేవారు విద్యుదుత్పత్తి విడుదలలపై సైరన్ హెచ్చరికలను పాటించవలసి ఉన్నది. నల్లమల పరిధిలోని ఒడ్డులు పులుల అభయారణ్యంలో ఉన్నందున అక్కడ అటవీ శాఖ నిబంధనలు వర్తిస్తాయి.

లైఫ్ జాకెట్ ధరించడం, ఒంటరిగా పోకుండా జతగా వెళ్ళడం, సంఘంలో సభ్యత్వ నమోదు, బీమా ఈ నాలుగూ ప్రతి మత్స్యకారునికి అవసరం. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాదవశాత్తు మరణించిన మత్స్యకారుని కుటుంబానికి 5 లక్షల రూపాయల బీమా సదుపాయం కల్పించడమైనది. ప్రమాదం జరిగిన తరువాత సభ్యత్వం లేదని తెలిసిన కుటుంబానికి కలిగే నష్టం పూడ్చరానిది.

పట్టిన చేపను కాపాడుకోవడం కూడా రాబడిలో భాగమే. వేసవిలో కిలో చేపకు కిలో మంచు చొప్పున పొరలు పొరలుగా పరచి, నీడలో ఉంచి రవాణా చేసినట్లయితే ధర నిలుస్తుంది. మంచుకు చేసే కొద్ది ఖర్చు మిగుల్చుకోబోయి చేప మొత్తాన్ని సగం ధరకు తెగనమ్ముకోవడం తరచుగా జరుగుతున్నది.

గుర్తుంచుకోవలసినది

నీటిపారుదల, విద్యుత్, మత్స్య, రెవెన్యూ, అటవీ శాఖలు ఒకే నీటిని వేర్వేరు కోణాల నుండి చూస్తున్నవి. రేవులో నమోదయ్యే చేప బరువు పక్కన ఆ రోజు నీటిమట్టాన్ని, వేటకు వెళ్ళిన వలల సంఖ్యను కూడా వ్రాసినట్లయితే, జలాశయంలో సంపద పెరుగుతున్నదో తరుగుతున్నదో అధికారులకు, పాత్రికేయులకు స్పష్టంగా తెలుస్తుంది. దీనికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. ఒక రిజిస్టరు, ఒక కలం చాలు.

తొలకరి కురిసి సంగమేశ్వరాలయం తిరిగి నీట మునిగే నాటికి, పాత మడుగులలో మిగిలిన తల్లి చేపలు ఎరుపెక్కిన కొత్త నీటికి ఎదురీదడం ఆరంభిస్తాయి. అవి ఎన్ని మిగిలినవనే దానిపైననే మరుసటి వేసవిలో మత్స్యకారుని వల బరువు ఆధారపడి ఉన్నది.